ధర్మవరం పట్టుకు ఇంట్లో కట్టే లైట్‌బాక్సు: ఇప్పటిదాకా అయిన పని

పట్టుచీర ఫోటో చెడేది జరీ దగ్గరే. జరీ అద్దంలాంటిది. ఎదురుగా ఉత్త బల్బు పెడితే అక్కడక్కడా తెల్లగా మాడిపోతుంది, పక్కనున్న పట్టు నల్లబడుతుంది. వాట్లు పెంచితే తగ్గేది కాదు. బల్బుల ముందు తెల్లగుడ్డ కట్టి వెలుగు దాంట్లోంచి వచ్చేలా చేయాలి, లైట్‌బాక్సు అంటే అదే. ఆ గుడ్డ పెద్దదిగా, చీరకు దగ్గరగా ఉండాలి. అనంతపురంలో కడుతున్న ఈ బాక్సుకు అందుకే మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టాం.

ఫ్రేము అయిపోయింది. అరంగుళం పీవీసీ పైపు పదడుగులు, నాలుగు ఎల్బోలు. సొల్యూషన్ (పైపు జిగురు) పూయలేదు, విప్పి మూల పెట్టుకోవడానికి. వెనక ప్లైవుడ్ పలక మీద వరసగా నాలుగు బ్యాటెన్ హోల్డర్లు, ఎనిమిదేసి అంగుళాల ఎడం. బల్బు నుంచి గుడ్డకు కనీసం అంత ఎడమైనా ఉండాలి. తగ్గితే గుడ్డ మీద నాలుగు వెలుగు మచ్చలు తేలతాయి. మేం అడుగు వదిలాం.

బల్బులు 12 వాట్ల ఎల్ఈడీ, 6500 కెల్విన్ (తెల్లటి వెలుగు రంగు), నాలుగూ ఒకే కంపెనీవి. కలగలిపితే చీర ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా పడుతుంది. వైరింగు ప్యారలల్‌లోనే (ఒక్కో బల్బుకు విడిగా కరెంటు), సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) ఈ బల్బులు మిణుకుతాయి, లేదా అసలు వెలగవు. పైన మూడంగుళాల సందు వదలాలి. మన ఎండాకాలంలో మూసిన డబ్బాలో బల్బు అడుగునుండే డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటు సర్ది ఇచ్చే సర్క్యూటు) వేడెక్కి త్వరగా పోతుంది. బల్బుల పక్కన థర్మాకోల్ వద్దు, వేడికి కుంగిపోతుంది.

బల్బు కొనేముందు షాపులోనే వెలిగించి, ఫోన్ ప్రో మోడ్‌లో షటర్ (కెమెరా వెలుగు తీసుకునే సమయం) 1/1000 సెకను పెట్టి చూడండి. తెరమీద అడ్డచారలు కదిలితే వదిలేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే నాసిరకం బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కొనేసి ఉంటే 1/50 లేదా 1/100 షటర్‌తో గట్టెక్కొచ్చు.

గుడ్డ తెల్ల పాప్లిన్, ఒక పొర. మీగడరంగు వద్దు, తెలుపు పసుపెక్కుతుంది.

చీరకు మూడడుగుల దూరంలో, 45 డిగ్రీల పక్కగా పెడితే ఎఫ్/1.8 (లెన్సు రంధ్రం సైజు) ఫోన్ కెమెరాకు సుమారు ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 100, షటర్ 1/100 సరిపోతుంది. దూరం ఆరడుగులైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గదిలో ట్యూబ్‌లైటు ఆపేసి, ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ (రంగు సర్దుబాటు) 6500 దగ్గర కట్టేయాలి. మడతల లోతు కనపడాలంటే చీరకు రెండో పక్క నల్ల చార్టు, మెత్తగా కావాలంటే తెల్ల థర్మాకోల్ షీటు.

ఇక మిగిలింది స్టాండు: పది లీటర్ల పెయింటు డబ్బాలో కాంక్రీటు పోసి, మధ్యలో అంగుళన్నర పైపు నిలపాలి.