గెత్సేమనేను వేదిక మీదికి తెచ్చినప్పుడు: నా అనుభవం

శ్రమల వారానికి ఒక నాటకం రాసిపెట్టమని మా సంఘంలోని యువజనులు అడిగారు. నిడివి ఎంత అన్నాను. అరగంట అన్నారు. అరగంటలో పశువుల తొట్టి నుంచి ఖాళీ సమాధి దాకా పరుగెత్తే నాటకాలు చాలా చూశాను. వాటిలో నటులకూ ఊపిరాడదు, చూసేవాళ్లకూ ఊపిరాడదు. అందుకే యేసు పట్టుబడిన ఒక్క రాత్రి చాలనుకున్నాను: గెత్సేమనే తోటలో ప్రార్థనతో మొదలై, ప్రధాన యాజకుని ముంగిట కోడి కూయడంతో ముగిసే రాత్రి.

నేను వేదాంత కళాశాలలో చదువుకోలేదు. క్రీస్తు సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు అన్నది చిన్నప్పుడు అప్పజెప్పిన పాఠమే. ఆ పాఠాన్ని నమ్మడానికి ఒప్పుకోలు చాలు, వేదిక మీద చూపడానికి చాలదు. యేసు పాత్రధారి మీ ఎదుట నిలబడి "నేనిప్పుడు నిజంగా భయపడాలా?" అని అడుగుతాడు. అవునంటే ఒక సిద్ధాంతం, కాదంటే ఇంకో సిద్ధాంతం. ఏదీ చెప్పకుండా తప్పించుకుందామంటే అతను అడుగు కదపలేడు.

అంతకంటే ముందే, నాటకం రాత సగంలో ఉండగానే, సంఘ పెద్దల్లో ఒకరు అభ్యంతరం చెప్పారు. యేసు వేషం ఒక మనిషి కట్టడమేమిటని విగ్రహం చేసుకోకూడదన్న ఆజ్ఞ ఉన్న నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయం తెరిచి చూపించారు. తెర వెనక దీపం పెట్టి నీడ చూపితే సరిపోతుంది కదా అన్నారు. ఈ శంక ఆయనొక్కరిదే కాదు. సుమారు 200వ సంవత్సరంలోనే టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత, క్రైస్తవులు నాటకశాలల వైపు వెళ్లకూడదని ఒక గ్రంథమే రాశాడు. బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా చాలాకాలం క్రీస్తు పాత్రను నాటకశాలల్లో చూపనిచ్చేవారు కాదు.

నేను ఎనిమిదో శతాబ్దపు వేదాంతి దమస్కు యోహాను వాదాన్ని ఆశ్రయించాను. కంటికి కనబడని దేవునికి రూపం గీయలేం, నిజమే. కానీ ఆయన శరీరధారియై మనుషుల మధ్య తిరిగాడు కాబట్టి ఆ కనబడిన ముఖాన్ని చిత్రించవచ్చు అన్నది ఆయన వాదం. 787లో నికయలో జరిగిన రెండో మహాసభ చిత్రాలను సమర్థించింది. పెద్దాయన ఓపికగా విని, "బొమ్మ నోరు విప్పదు కదండీ. మీ నాటకంలో ప్రభువు మాట్లాడతాడు. ఆ మాటలు ఎవరివి?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, నియమం మాత్రం పుట్టింది. యేసు నోట సువార్తల్లో ఉన్న మాటలే పలకాలి, కల్పించినవి అన్నీ ఇతరులవే కావాలి. పాస్టర్ గారు దీనికి ఒప్పుకున్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు గానీ అడ్డు చెప్పడం మానేశారు.

నియమం సులభంగానే కనబడింది. సువార్తలు నాలుగూ పక్కపక్కన పెట్టుకున్నాక గాని అసలు చిక్కు తెలియలేదు. మార్కు సువార్తలో యేసు తోటలో నేలమీద పడి ప్రార్థిస్తాడు. యోహాను సువార్తలో అక్కడ ఆ వేదనే కనబడదు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లతో ఆయన "నేనే ఆయనను" అనగానే వాళ్లు వెనక్కి తగ్గి నేలమీద పడతారు. ఒకచోట పడేది ఆయన, ఇంకోచోట పడేది సైనికులు. రెండింటిలో ఒకటి ఎంచుకుంటే రాయడం చాలా తేలిక. మానవుడైన యేసు కావాలంటే మార్కు, మహిమ కావాలంటే యోహాను.

దీపాలు చూసే కుర్రాడికి ఒక ఉపాయం తట్టింది. మానవుడిగా ఉన్నప్పుడు పసుపు వెలుగు, దైవత్వం కనబడే ఘడియలో నీలం వెలుగు వేస్తానన్నాడు. చూడ్డానికి బాగుంటుంది, సందేహం లేదు. కానీ 451లో కల్కెదోనులో జరిగిన సంఘ మహాసభ వద్దన్నది అక్షరాలా దాన్నే. రెండు స్వభావాలు ఒకే వ్యక్తిలో కలగాపులగం కాకుండా, మారకుండా, విడిపోకుండా, వేరుపడకుండా ఉన్నాయని ఆ సభ ప్రకటించింది. గమనిస్తే అవన్నీ ఎలా కాదో చెప్పే మాటలే, ఎలాగో చెప్పేవి కావు. మీట నొక్కితే ఒక స్వభావం ఆరిపోయి రెండోది వెలగడం కుదరదు. చివరికి వెలుగు మార్చలేదు. నేల మీద పడిన మనిషే, మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకోకుండా లేచి నిలబడి "నేనే ఆయనను" అన్నాడు. రెండు సువార్తలూ ఒకే ఒంటి మీద కనబడ్డాయి. మొత్తం నాటకంలో నాకు ఇప్పటికీ తృప్తినిచ్చేది అదే.

ఇక ఆ ప్రార్థన. "నా తండ్రీ, సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అనీ, "అయినను నా యిష్టప్రకారము కాదు" అనీ మన పాత్రధారి ఒకే ఊపిరిలో చెప్పేసేవాడు. మొదటి సగం ఏదో మర్యాద కోసం అన్నట్టు ఉండేది. ఏడో శతాబ్దంలో సంఘాన్ని చీల్చిన వివాదం ఇదే మరి: క్రీస్తుకు ఒకే చిత్తమా, రెండు చిత్తాలా? మరణం ముందు వెనుకాడే నిజమైన మానవ చిత్తం ఆయనకు ఉందనీ, అలా వెనుకాడటం పాపం కాదనీ, ఆ చిత్తమే తండ్రికి లోబడిందనీ మాక్సిమస్ అనే సన్యాసి పట్టుబట్టాడు. అందుకు ఆయన నాలుకనూ కుడిచేతినీ కోసి ప్రవాసానికి పంపారు. 662లో అక్కడే చనిపోయాడు. 681లో ముగిసిన కాన్‌స్టాంటినోపుల్ సభ ఆయన బోధించినదాన్నే సత్యమని నిలబెట్టింది.

ఇదంతా పాత్రధారికి చెబితే శ్రద్ధగా విని, "అయితే మధ్యలో ఎంతసేపు ఆగాలి?" అన్నాడు. వేదాంతం నటుడికి చేరే దారి అదేనని అప్పుడర్థమైంది. జవాబు కూడా అతనే మత్తయిలో వెదికి పట్టుకున్నాడు. మొదటిసారి "సాధ్యమైతే" అని వేడుకున్న యేసు రెండోసారి "తొలగిపోవుట సాధ్యము కానియెడల" అంటాడు. అంటే రెండు ప్రార్థనల నడుమ ఏదో జరిగింది. ఆ నడుమ మనకు కనబడేది నిద్రపోతున్న శిష్యులే. కాబట్టి ఆ ఆగడాన్ని మాటల మధ్య పెట్టకుండా, ఆయన వచ్చి నిద్రపోతున్నవాళ్లను చూసి తిరిగి వెళ్లే నడకలో పెట్టాం.

రాస్తున్నన్నాళ్లూ పక్కన ఒక నోటు పుస్తకం ఉండేది. 1548లో పోపు ఆమోదం పొందిన, జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ ధ్యాన పద్ధతి అందులో సాధన చేసేవాణ్ని. సువార్త ఘట్టాన్ని కళ్లారా చూస్తున్నట్టు, చెవులారా వింటున్నట్టు ఊహించుకుని, మనం కూడా అందులో ఒకరిమై, చివరికి ప్రభువుతో స్నేహితునితో మాట్లాడినట్టు మాట్లాడాలి. ఆ పుస్తకంలో చాలా పేజీలు ఎవరికీ చూపించదగ్గవి కావు. పేతురు కత్తి దెబ్బకు కుడిచెవి పోగొట్టుకుని, యేసు తాకగా బాగుపడిన ప్రధాన యాజకుని దాసుడు మల్కు స్థానంలో కూర్చుని రాసింది మాత్రం నాటకంలోకి వచ్చింది. అతను వచ్చింది యేసును పట్టుకోవడానికి. స్వస్థత పొందింది ఆ పనిలో ఉండగానే. క్షమాపణ అడగలేదు, విశ్వసించానని చెప్పలేదు. కృప అంటే ఏమిటో చెప్పడానికి ఎన్ని ప్రసంగాలు విన్నా, చెవి తడుముకుంటూ, బంధించిన యేసు వెంట తోట దాటి వెళ్లే ఆ దాసుడి అయోమయం నాకు వాటికంటే దగ్గరగా అనిపించింది. నాటకంలో పూర్తిగా నేను కల్పించిన ఏకైక స్వగతం అతనిదే.

దుస్తుల దగ్గర చిన్న గొడవ. యేసును పట్టించిన యూదాకు మాత్రమే నల్ల అంగీ, వంకర ముక్కు పెడదామన్నారు. వద్దన్నాను. యూదులపై ద్వేషాన్ని రగిలించిన చరిత్ర శ్రమల నాటకాలకు ఉంది. జర్మనీలో 1634 నుంచి ఆడుతున్న ఒబెరమ్మెర్‌గౌ నాటకాన్ని కూడా అందుకే ఎంతో సవరించాల్సి వచ్చింది. యేసు శ్రమల నేరాన్ని నాటి యూదులందరి మీదగానీ నేటి యూదుల మీదగానీ మోపరాదని 1965లో రెండో వాటికన్ సభ చెప్పింది. ఆ తోటలో యేసు, పేతురు, యూదా అందరూ యూదులే. అందరికీ ఒకే రకం బట్టలు.

యేసు ఎవరో తెలియదని పేతురు బొంకగానే కోడి కూసే చివరి ఘట్టంలో రాయడానికి ఏమీ లేదు. "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను" అని లూకా ఒక్క వాక్యంతో వదిలేశాడు. మాట లేదు. పేతురు నోట ఏదైనా పెట్టాలని చెయ్యి దురద పెట్టింది. మధ్యయుగంలో ఇంగ్లండులోని యార్క్‌లో సిలువ ఘట్టాన్ని మేకులు చేసేవారి సంఘం ఆడేది. అందులో సైనికులు రంధ్రాలు సరిగ్గా కుదరలేదని, బరువు ఎక్కువగా ఉందని ఆపకుండా గొణుగుతుంటారు. క్రీస్తు మాట్లాడేది రెండేసార్లు. అది గుర్తుచేసుకుని కలం పక్కన పెట్టాను. ఆ చూపు ఎలా ఉండాలన్నది అభ్యాసంలో తేలింది. మా యేసు పాత్రధారి మొదట జాలిగా చూశాడు, అది పైనుంచి చూసినట్టుంది. తర్వాత బాధగా చూశాడు, అది నిందలా ఉంది. ఏమీ చేయకు, పేతురు అక్కడ ఉన్నాడని తెలుసుకో, అంతే అన్నాను. అదే నిలిచింది.

ప్రదర్శన సవ్యంగానే జరిగింది. వచ్చే ఏడాదికి పునరుత్థానం రాయమంటున్నారు. యేసు లేచిన ఆ క్షణాన్ని నాలుగు సువార్తల్లో ఒక్కటీ వర్ణించలేదు. పదో శతాబ్దంలో ఇంగ్లండు మఠాల్లో దేవదూత పాత్రలో కూర్చున్న సన్యాసి, సమాధి దగ్గరికి వచ్చినవాళ్లను ఎవరిని వెదుకుతున్నారని అడగడంతోనే పునరుత్థానాన్ని చూపే చిన్న నాటకం మొదలయ్యేది. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. పెద్దాయన మళ్లీ నీడ ప్రస్తావన తెచ్చారు. ఈసారి వెంటనే కాదనలేకపోయాను. తిరిగి లేచిన యేసును మగ్దలేనే మరియ తోటమాలి అనుకుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు పక్కన నడుస్తూ కూడా గుర్తుపట్టలేదు. వాళ్లు గుర్తుపట్టకముందే ప్రేక్షకులకు ఆయన ముఖం చూపాలా వద్దా అన్నది మా మధ్య ఇంకా తేలలేదు.