కదలని కాలువ, బీచ్ చెట్ల అడవి: ట్రింగ్‌లో ఒక రోజు

లండన్‌లోని యూస్టన్ స్టేషనులో రైలెక్కితే ట్రింగ్‌కు నలభై నిమిషాలు పడుతుంది. మా అమ్మాయి కాపురముంటున్న వాట్‌ఫర్డ్ నుంచి ఇంకా తక్కువే. ట్రింగ్ స్టేషను ఊళ్లో లేదు. ఊరికి సుమారు మూడు కిలోమీటర్ల దూరాన, పొలాల మధ్య, దారి తప్పి అక్కడ నిలిచిపోయినట్టు ఉంటుంది. నాతోపాటు దిగిన నలుగురూ కార్లెక్కి వెళ్లిపోయాక, ప్లాట్‌ఫారం మీద నేనూ ఒక పావురమూ మిగిలాం.

నేను గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖ ఉద్యోగిగా ముప్ఫై ఏళ్లకు పైగా కాలువగట్ల మీద తిరిగినవాణ్ణి. దాళ్వా కోతలు అయిపోయి, మరమ్మతుల కోసం మా వైపు కాలువలు కట్టివేసే రోజుల్లో, ఏప్రిల్ నెలాఖరున, ఇక్కడికి వచ్చాను. లండన్‌లో చూడవలసినవన్నీ రెండు వారాల్లో చూపించాక, ఇంకేం చూస్తారని అమ్మాయి అడిగితే, కాలువ చూస్తానన్నాను. నవ్వింది గానీ వెతికి పెట్టింది. స్టేషనుకు పడమటి వైపు గ్రాండ్ యూనియన్ కాలువ, తూర్పు వైపు కొండ మీద ఆష్‌రిడ్జ్ అడవి ఉన్నాయని, రెండూ ఒక్క రోజులో నడిచి చూడవచ్చునని చెప్పి, తనకు ఆఫీసు ఉండటం వల్ల నన్ను ఒక్కణ్ణే పంపింది. "ఫోనులో ఛార్జింగ్ చూసుకోండి నాన్నగారూ" అన్న హెచ్చరిక మాత్రం మూడుసార్లు వినవలసి వచ్చింది.

ముందు అడవికే వెళ్లాను. పొలాల గట్ల వెంట మైలు దూరం నడిస్తే ఆల్డ్‌బరీ అనే పల్లె వస్తుంది. నడిబొడ్డున చెరువు అనడానికి చాలని ఒక గుంట, అందులో బాతులు, దాని గట్టున పాతకాలపు బొండకొయ్య, కొరడా దెబ్బలు కొట్టే స్తంభం ఉన్నాయి. మన పల్లెల్లో రచ్చబండ ఉండవలసిన చోట వీళ్లు శిక్ష వేసే సరంజామా పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పక్కన నిలబడి పర్యాటకులు ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ తీసుకున్నాను.

పల్లె దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. ఇవి చిల్టర్న్ కొండలు. లోపలంతా సుద్దరాయి, పైన చెకుముకి రాళ్లు కలిసిన బంకమట్టి. వాన పడిన మర్నాడు ఆ బంకమట్టి మీద ఎక్కడమంటే మా నల్లరేగడి గట్ల మీద జూలైలో నడిచినట్టే ఉంది. రెండుసార్లు జారి, ఒకసారి కూర్చున్నాను కూడా. పైకి చేరాక మాత్రం నేల మెత్తబడింది. ఏళ్ల తరబడి రాలిన బీచ్ (సముద్రపు బీచ్ కాదు, ఒక చెట్టు పేరు) ఆకులు ఒకదానిపై ఒకటి పరుచుకుని, అడుగు వేస్తే చప్పుడు కూడా పైకి రానివ్వవు. బీచ్ చెట్టు మాను నున్నగా, బూడిదరంగులో, ఏనుగు కాలిలా ఉంటుంది. అప్పుడే విచ్చుకుంటున్న లేతాకుల గుండా వెలుతురు కిందికి వస్తుంటే, ఆ నీడ నీడలా లేదు, పలచటి పచ్చ రంగు నీళ్లలా ఉంది.

ఆ వెలుతురుకు ఇక్కడ ఒక గడువుంది. ఇంకో మూడు వారాల్లో ఆకులు ముదిరి పైకప్పు మూసుకుపోతుంది. ఆలోపే పని ముగించుకోవాలని నేలమీద బ్లూబెల్ పూలు ఒక్కసారిగా పూస్తాయి. కాడ చివర ఒకే వైపుకు వంగి వేలాడే నీలిగంటలు, వేలూ లక్షలూ కలిసి, దూరానికి అడవి అడుగున పొగమంచు పట్టినట్టు కనిపిస్తాయి. లోకంలో ఉన్న బ్లూబెల్స్‌లో దాదాపు సగం ఈ ఒక్క దేశంలోనే ఉన్నాయంటారు. గింజ పడిన నాటి నుంచి పువ్వు పూయడానికి అయిదేళ్లో ఏడేళ్లో పడుతుందట. ఆకు నలిగితే దుంప ఆ ఏటికి ఆహారం చేసుకోలేదు కనుక, దారి విడిచి నడవవద్దని బోర్డులు పెట్టారు, అక్కడక్కడ దుంగలు అడ్డం వేశారు. ఈ పూలకు మరీ పేరుపొందిన డాకీ వుడ్ అనే భాగం ఇంకా ఉత్తరాన ఉంది. నా మోకాళ్లు అంత దూరానికి ఒప్పుకోలేదు. నేను చూసినదానికే తనివి తీరింది.

అడవిలో మనిషి జాడ లేదు గానీ నిశ్శబ్దం అనడానికీ లేదు. వడ్రంగిపిట్ట ఎక్కడో బోలు కొమ్మ మీద దరువు వేస్తోంది. మన చుక్కల దుప్పిని తలపించే ఫాలో జింకలు మూడు దూరంగా దాటిపోయాయి. పైన తోక చీలిన ఎర్ర గద్దలు తిరుగుతున్నాయి. ఇంగ్లండులో తుడిచిపెట్టుకుపోయిన ఈ పక్షిని 1989 నుంచి 1994 మధ్య స్పెయిన్ నుంచి తెచ్చి ఈ కొండల్లో వదిలారు. ఇప్పుడు తలెత్తితే అవే. బయటి నుంచి వచ్చి స్థిరపడినవి ఇంకా ఉన్నాయి: ట్రింగ్‌లో జంతుశాల పెట్టుకుని, జీబ్రాలను బండికి కట్టి తోలించిన వాల్టర్ రోత్‌షైల్డ్ ప్రభువు దగ్గర నుంచి 1902లో బయటపడిన ఒక జాతి ఎలుకలు నేటికీ ఈ చుట్టుపక్కల ఇళ్ల అటకలెక్కి గృహస్థులను వేధిస్తున్నాయి.

చెట్ల మధ్య ఉన్నట్టుండి ఒక రాతి స్తంభం లేచింది. మూడో బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ ఫ్రాన్సిస్ ఈగర్టన్ స్మారకంగా 1832లో నిలబెట్టినది. లోపల 172 మెట్లు ఉన్నాయి గాని ఆ రోజు తలుపు వేసి ఉంది, నేనేమీ బాధపడలేదు. పీఠం మీద ఆయన్ను దేశీయ జలమార్గాలకు పితామహుడిగా కీర్తిస్తూ చెక్కారు. ఈ అడవి అంతా ఒకప్పుడు ఆయన వంశం వారి ఎస్టేటే. లండన్‌లో పెళ్లి సంబంధం ఒకటి చెడిపోయాక ఆయన విసిగి రాజధానిని వదిలి, లాంకషైర్‌లోని తన బొగ్గు గనుల దగ్గరకు పోయి కూర్చున్నాడనీ, ఆ గనుల నుంచి మాంచెస్టర్‌కు జేమ్స్ బ్రిండ్లీ చేత తవ్వించిన కాలువ 1761లో తెరవగానే పట్నంలో బొగ్గు ధర సగానికి పడిపోయిందనీ చెబుతారు. అది చూసి దేశమంతా కాలువల పిచ్చి పట్టింది. పెళ్లి చేసుకోకుండానే 1803లో ఆయన పోయాడు.

ఆ సంవత్సరం చదవగానే నాకు మరొకటి స్ఫురించింది. కాటన్ దొర పుట్టింది కూడా 1803లోనే. డ్యూక్ మార్చిలో పోతే కాటన్ మే నెలలో పుట్టాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా డెల్టాలో తవ్విన కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా. రైలు కన్నా పడవ చవకని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ వాదన బహుశా ఇలాంటి స్తంభాల నీడలోనే పెరిగి ఉంటుందని, కొండ దిగుతున్నంతసేపూ అనిపించింది. దిగిన చోటనే రైలు పట్టాలు ఉండటం వేరే విషయం: 1838లో లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా రాబర్ట్ స్టీఫెన్‌సన్ వేసిన మార్గం, కాలువను ఆనుకునే పోతూ, దాని బేరాన్ని క్రమంగా ఎత్తుకుపోయింది.

మధ్యాహ్నం కాలువ చేరాను. మొదటి చూపులో నిరుత్సాహపడ్డానని ఒప్పుకోవాలి. మా బ్యాంక్ కెనాల్ చూసిన కంటికి ఇది పిల్లకాలువ. పైగా నీరు కదలదు. ఎండుటాకు ఒకటి నీటిమీద పడితే, నేను అయిదు నిమిషాలు చూశాను, అది అక్కడే ఉంది. కాలువంటే పారేది, పారి పొలానికి చేరేది అన్న అర్థంలో బతికినవాడికి ఇది కాలువలా తోచదు. కాసేపయ్యాక గాని బుర్రకెక్కలేదు. ఇది నీటిని మోసుకుపోయే కాలువ కాదు, నీటితో చేసిన రోడ్డు. 1793లో పార్లమెంటు అనుమతి పొంది, విలియమ్ జెస్సాప్ ప్రధాన ఇంజనీరుగా, 1805 నాటికి పూర్తి చేసిన గ్రాండ్ జంక్షన్ కాలువ ఇది. గ్రాండ్ యూనియన్ అన్న పేరు 1929లో వచ్చింది. చిల్టర్న్ కొండల్ని ఇక్కడే దాటుతుంది కనుక సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున మూడు మైళ్ల పాటు సమంగా సాగే ఈ భాగాన్ని ట్రింగ్ సమ్మిట్ అంటారు.

ఆ ఎత్తు తగ్గించడానికి ఒకటిన్నర మైళ్ల పొడవున, కొన్నిచోట్ల 30 అడుగుల లోతు దాకా, పారలతో, తోపుడుబండ్లతో మనుషులు తవ్విన కోతలో నుంచి ఉత్తరానికి నడిచాను. రెండు వైపులా గట్లు ఎత్తుగా లేచి చెట్లు పైన కలుసుకున్నాయి. నీటికోళ్లు గూళ్లు పెట్టాయి. ఒకప్పుడు ఈ గట్టు మీద గుర్రం పడవను లాగేది. మా చిన్నప్పుడు కాకినాడ కాలువ మీద మనుషులే తాడు భుజాన వేసుకుని ముందుకు వంగి లాగేవారు. గుర్రానికి ఇచ్చిన విశ్రాంతి వాళ్లకు దొరికేది కాదేమో.

కోత ముగిసిన చోట బల్బోర్న్. నీటిమట్టం మార్చి పడవను ఎక్కించి దించే గదికి, అంటే లాకుకు, తలుపులను ఓక్ కర్రతో తయారుచేసే కార్ఖానా ఇక్కడ ఈ శతాబ్ది మొదటి ఏళ్ల వరకూ నడిచింది. అక్కడి నుంచి మార్స్‌వర్త్ లాకులు ఏడు, మెట్లు మెట్లుగా దిగుతాయి. లాకు అనే మాట మా గోదావరి జిల్లాల్లో తెలుగే అయిపోయింది. ఆ ఏడు లాకులూ చూశాక పరాయి ఊరన్న భావం పోయింది. ఎగువ నీటికి ఎదురుగా కోణంగా కలిసే రెండు రెక్కల తలుపులు, వాటికి అడ్డంగా బిగించిన పొడవాటి దూలాలు, నీరు వదిలే చిన్న తూము తలుపులు, వాటి పళ్లచక్రాలు, అన్నీ నేను ఎరిగినవే.

కింది నుంచి రెండో లాకు దగ్గర, ఏడడుగుల వెడల్పున్న ఒక సన్నని పడవ దిగువ నుంచి వచ్చింది. చుక్కాని దగ్గర ఒక పెద్దావిడ, గట్టు మీద ఎవరూ లేరు. నేను చూస్తున్న తీరులో ఏం కనిపించిందో, ఎల్ ఆకారపు ఇనుప కమ్మీ ఒకటి నాకు అందించి, సాయం చేస్తారా అని అడిగింది. తూము తలుపు ముందు సగమే లేపాను, నీరు సమపడేదాకా ఆగాను, తర్వాత నడుము దూలానికి ఆనించి వెనక్కి నడుస్తూ తలుపు తెరిచాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని ఆవిడ అడిగితే, ఇండియాలో గోదావరి అనే నది దగ్గర అన్నాను. అర్థమైందో లేదో గాని చాలా గౌరవంగా తలూపి, డబ్బాలోంచి రెండు బిస్కట్లు తీసి ఇచ్చింది. మూడు లాకులు అలాగే ఎక్కించాను.

ఒక లాకు నిండితే రమారమి రెండున్నర లక్షల లీటర్లు. ఈ ఎత్తును దాటే ప్రతి పడవా ఎక్కేటప్పుడు ఒక లాకు నీరు, దిగేటప్పుడు ఒక లాకు నీరు సమ్మిట్ నుంచి తీసుకుపోతుంది; కొండ మీదికి నది రాదు. అందుకే పక్కనే విల్‌స్టన్, ట్రింగ్‌ఫర్డ్, స్టార్టాప్స్ ఎండ్, మార్స్‌వర్త్ అని నాలుగు చెరువులు కట్టి, వాటి నీటిని పంపుతో పైకి తోడుతున్నారు. మేం ఎకరాకు లెక్క కట్టి వంతులవారీగా వదిలిన నీటిని వీళ్లు పడవకు లెక్క కట్టారు. లెక్క పద్దు మారింది గాని, వేసవిలో మట్టం పడిపోతే కలిగే కంగారు మాత్రం ఒక్కటే. ఎండలు ముదిరితే ఇక్కడా లాకులు తెరిచే వేళలు తగ్గిస్తారట. ఆ చెరువుల ఒడ్డున 1938లో, మన నదుల ఇసుకతిన్నెల మీద కూడా కనిపించే లిటిల్ రింగ్డ్ ప్లవర్ అనే చిన్న పిట్ట, బ్రిటన్‌లో మొట్టమొదటిసారి గూడు పెట్టింది. నేను వెళ్లినప్పుడు తలమీద జుట్టున్న నీటిపక్షుల జంట ఒకటి ఎదురెదురుగా తలలాడిస్తూ కనిపించింది.

ఈ గట్టు ఎప్పుడూ ఇంత ప్రశాంతంగా ఉండేది కాదు. బొగ్గూ ఇటుకలూ నింపిన పడవల వెనక భాగంలో, పదడుగుల గదిలో, కుటుంబాలకు కుటుంబాలే కాపురం చేసేవి. పిల్లలకు బడి లేదు. 1962-63 చలికాలంలో కాలువలన్నీ వారాల తరబడి గడ్డకట్టి, మిగిలిన సరుకు రవాణాను దాదాపు ముగించేశాయి. ఇప్పుడు తిరిగేవి సెలవుల పడవలూ, అద్దెల బాధ పడలేక పడవలనే ఇళ్లు చేసుకున్నవాళ్లవీ.

సాయంత్రం తిరిగి స్టేషను దాకా నడిచి, రైలు వచ్చేలోగా, ఫొటోల్లో ఒక లాకు తలుపుది ఎంచి, ఒకప్పుడు నా దగ్గర లస్కరుగా, అంటే కాలువ కాపలాదారుగా, పనిచేసిన ఆయనకు వాట్సాప్‌లో పంపాను. ఇంగ్లండులోనూ మన లాకులే ఉన్నాయని కింద రాశాను. అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. అయినా రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "బాగుందండీ. ఎడమ తలుపు అడుగున కారుతోంది, చూడమని చెప్పండి."