సింగపూర్ నుంచి మొదటి క్రూయిజ్: ఏ రేవులో షిప్ టూర్, ఏ రేవులో సొంతంగా

మొదటిసారి విదేశీ క్రూయిజ్ ఎక్కాలనుకునే మనవాళ్ళకి సింగపూర్ చాలా అనువైన చోటు. హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ నేరుగా విమానాలున్నాయి. మూడు నాలుగు రాత్రుల ట్రిప్పుల్లో మలేషియాలోని పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లలో ఒకటో రెండో రేవులు తగులుతాయి. అయితే క్యాబిన్ బుక్ చేసేటప్పుడు బాల్కనీ కావాలా కిటికీ చాలా అని వారం రోజులు ఆలోచించేవాళ్ళు కూడా రేవులో దిగాక ఎక్కడికి వెళ్ళాలో, ఎలా తిరిగి రావాలో షిప్ ఎక్కేదాకా ఆలోచించరు. ఎక్కాక, రేవుల్లో తిప్పే టూర్లు షిప్ వాళ్ళు అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్ కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి మిగిలిన టూర్ ఏదుంటే అది కొంటారు. లేదా బయట అన్నీ చవకే కదా అని ఉత్త చేతులతో దిగి, గేటు దగ్గర టాక్సీవాళ్ళు ఎంత చెబితే అంత ఇస్తారు.

నేను పాటించమనే పద్ధతి ఒకటే. రేవు నుంచి నడిచి ఊళ్ళోకి వెళ్ళగలిగితే సొంతంగా తిరగండి. ఊరు రేవుకి గంట దూరంలో ఉన్నా, షిప్ సముద్రంలో ఆగి చిన్న బోట్లలో ఒడ్డుకి చేర్చినా షిప్ వాళ్ళ టూరే తీసుకోండి. షిప్ టూర్ ధర దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఆ ఎక్కువ డబ్బు గైడు కోసమో బస్సు కోసమో కాదు. మీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్ మీకోసం చూస్తుంది. చూడలేని పరిస్థితి వస్తే తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళకి ఆ హామీ లేదు, షిప్ టైముకి బయల్దేరిపోతుంది. పెనాంగ్‌లో ఆ హామీ అవసరం తక్కువ. పోర్ట్ క్లాంగ్‌లో చాలా ఎక్కువ.

బ్రోషర్‌లో "కౌలాలంపూర్" అని పెద్ద అక్షరాల్లో, పక్కనే చిన్నగా "పోర్ట్ క్లాంగ్" అని ఉంటుంది. షిప్ ఆగేది పులావ్ ఇందా దీవిలో ఉన్న క్రూయిజ్ టెర్మినల్‌లో. అక్కణ్ణుంచి కౌలాలంపూర్ నడిబొడ్డుకి దాదాపు 60 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే గంట, వాన పడినా, ఆఫీసులు వదిలే వేళైనా గంటన్నర దాటుతుంది. పోర్ట్ క్లాంగ్ పేరుతో రైల్వే స్టేషన్ కూడా ఉందని మ్యాప్‌లో చూసి సంబరపడొద్దు. అది దీవి బయట, పాత ఊళ్ళో ఉంది. టెర్మినల్ నుంచి దానికి నడిచి పోలేరు.

ఇప్పుడు గంటలు లెక్కేద్దాం. షిప్ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 5కి బయల్దేరుతుందని కాగితం మీద ఉందనుకోండి. పైకి తొమ్మిది గంటలు ఉన్నట్టే కనిపిస్తుంది. 8కి తాడు కట్టాక స్థానిక అధికారుల అనుమతి రావాలి, వేలమంది మెట్లు దిగాలి, ఇమిగ్రేషన్ దాటాలి. మీరు కారెక్కేసరికి 9 అవుతుంది. ఇక 5 అన్నది షిప్ కదిలే టైము. అందరూ లోపలుండాల్సిన ఆల్ అబోర్డ్ టైము దానికి అరగంట నుంచి గంట ముందు, అంటే 4 అనుకోండి. దానికి ఇంకో గంట ముందు, 3కి టెర్మినల్ గేటు దగ్గర ఉండేలా పెట్టుకోవాలి. టైరు పంక్చరైనా, ముసురు పట్టినా కాపాడేది ఆ గంటే. అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కౌలాలంపూర్ వదలాలి. ఉదయం అక్కడికి చేరేది పదిన్నరకి. చేతిలో మిగిలింది మూడు గంటలు.

ఆ మూడు గంటల్లో బటూ కేవ్స్ సుబ్రహ్మణ్యస్వామి గుడి, లేదా పెట్రోనాస్ టవర్లు. రెండూ పెట్టుకుంటే రెండోదాన్ని కారు అద్దంలోంచి చూసి ఫొటో తీసుకోవడమే అవుతుంది. బటూ కేవ్స్‌లో 272 మెట్లు, దారిపొడవునా కోతులు, చేతిలో ప్లాస్టిక్ కవరుంటే లాక్కుపోతాయి. మోకాళ్ళు బాగున్నవాళ్ళకే ఎక్కి దర్శనం చేసుకుని దిగడానికి గంట పడుతుంది. పెద్దవాళ్ళు కింద 140 అడుగుల మురుగన్ విగ్రహం దగ్గర కూర్చోవచ్చు, అక్కడ శాకాహార హోటళ్ళున్నాయి. మోకాళ్ళు కనబడే నిక్కర్లు, పొట్టి గౌన్లు వేసుకుంటే మెట్ల దగ్గరే కప్పుకోమంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బుక్ చేస్తుంటే మురుగన్ పండుగ తైపూసం ఏ రోజో ముందు చూసుకోండి. ఆ రోజు లక్షల మంది వస్తారు, దారులు మూసేస్తారు. టవర్ల పైకి ఎక్కాలంటే టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, సోమవారం పైకి వదలరు.

పోర్ట్ క్లాంగ్‌లో షిప్ టూర్ వద్దనుకుంటే, ఆరుగురు ఎనిమిదిమంది కలిసి డ్రైవరుతో సహా రోజంతటికీ వ్యాన్ మాట్లాడుకోవడం ఒక్కటే పద్ధతి. వెళ్ళేటప్పుడు ఒక గ్రాబ్ (ఓలా, ఉబర్ లాంటి యాప్ టాక్సీ), తిరిగి వచ్చేటప్పుడు ఇంకో గ్రాబ్ అనుకోవద్దు. టెర్మినల్ మారుమూల దీవిలో ఉంది, తిరుగు సవారీ దొరకని చోటికి రావడానికి డ్రైవర్లు జంకుతారు. వ్యాన్ మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు మెసేజ్‌లో రాయించుకోండి. టెర్మినల్ పేరు, షిప్ పేరు, "3 గంటలకి గేటు దగ్గర దించాలి" అన్న మాట, షిప్ ఈ రేవుకి రాకపోతే అడ్వాన్సు వాపసు ఇస్తారా లేదా. నాలుగోది అందరూ మర్చిపోతారు. గాలి బాగోకపోతే కెప్టెన్ రేవు వదిలేసి వెళ్ళిపోగలడు. అప్పుడు షిప్ టూర్ డబ్బు మీ ఖాతాలోకి తిరిగొస్తుంది, బయట కట్టిన డబ్బు మీరు మాట్లాడుకున్నదాన్ని బట్టే.

పెనాంగ్ దీనికి పూర్తిగా భిన్నం. షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్ళోనే ఉంది. గేటు దాటగానే విక్టోరియా రాణి గడియార స్తంభం, పక్కనే ఫోర్ట్ కార్న్‌వాలిస్. పది పదిహేను నిమిషాలు నడిస్తే లిటిల్ ఇండియా. అక్కడ 1833 నాటి మహామారియమ్మన్ గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి ఉదయం దిగినవాళ్ళు ముందు అక్కడికే వెళ్ళాలి. ఇడ్లీ, దోశ, అరిటాకు భోజనం అన్నీ ఆ వీధుల్లోనే. యునెస్కో 2008లో వారసత్వ ప్రాంతంగా ప్రకటించిన పాత ఊరంతా కాలినడకన తిరగొచ్చు. ఇక్కడ షిప్ వాళ్ళ "సిటీ టూర్" కొనడం నాకు దండగ ఖర్చే అనిపిస్తుంది.

ఊరు దాటి వెళ్ళాలనుకుంటే పెనాంగ్ హిల్, కెక్ లోక్ సీ బౌద్ధాలయం రెండూ ఆయర్ ఇతమ్ వైపు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఒకే దారిలో పెట్టుకోండి. పియర్ నుంచి కారులో అరగంట. కొండ మీదికి తాడుతో లాగే ఫ్యునిక్యులర్ రైలు ప్రయాణం కొన్ని నిమిషాలే. టైమంతా తినేసేది కింద క్యూ, అందులోనూ తిరిగి దిగేటప్పటి క్యూ. శని, ఆదివారాలు, మలేషియా సెలవు రోజులైతే ముందు కెక్ లోక్ సీ చూసి, క్యూ చిన్నగా ఉంటేనే కొండెక్కండి. గ్రాబ్‌ని పియర్ గేటు దగ్గర కాకుండా గడియార స్తంభం దాటి కొంచెం ముందుకి నడిచి పిలవండి. షిప్ దిగిన రెండు వేలమంది ఒకేచోట బుక్ చేస్తుంటే కార్లు దొరకవు, ధర కూడా పెరుగుతుంది. గ్రాబ్ యాప్‌ని ఇండియాలోనే దించుకుని, ఓటీపీతో నంబరు ఖాయం చేసుకుని, కార్డు కలిపి పెట్టుకోండి. అక్కడ కొత్త సిమ్ వేశాక ఇండియా నంబరుకి వచ్చే ఓటీపీ కోసం ఎదురుచూస్తూ ఎండలో నిలబడాల్సి వస్తుంది.

ఫుకెట్‌లో చాలా షిప్‌లు పటాంగ్ తీరానికి ఎదురుగా సముద్రంలో లంగరు వేస్తాయి. టెండర్లు అనే చిన్న బోట్లలో ఒడ్డుకి చేరుస్తారు. షిప్ టూర్ కొన్నవాళ్ళని ముందు దింపి, మిగతావాళ్ళకి నంబరు చీటీలిస్తారు. మొదటి గంటన్నరలో నంబరు రాకపోతే ఆశ్చర్యం లేదు. కాబట్టి బయటి టూర్‌వాడికి "షిప్ వచ్చిన గంటకి కలుస్తాను" అని మాటివ్వొద్దు, రెండు గంటలు పెట్టుకోండి. అల ఊపుకి బోటు పైకీ కిందికీ ఆడుతుంటే అడుగు వేసి ఎక్కాలి. కర్ర పట్టుకుని నడిచే అమ్మమ్మ తాతయ్యలతో వెళ్తుంటే ఈ సంగతి టికెట్టు కొనకముందే కంపెనీని అడగండి. చక్రాల కుర్చీ ఉన్నవాళ్ళని అలలు పెద్దగా ఉన్నప్పుడు బోటు ఎక్కించరు. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు అండమాన్ సముద్రాన్ని కల్లోలం చేస్తాయి, టెండర్లు రద్దయ్యేది ఎక్కువగా అప్పుడే.

అన్నిటికన్నా ప్రమాదం గడియారంతో వస్తుంది. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కన్నా గంట వెనక. సింగపూర్ నుంచి వచ్చే షిప్ సాధారణంగా తన గడియారం మార్చుకోదు, సింగపూర్ టైమే నడుపుతుంది. మీ ఫోను మాత్రం ఒడ్డుకి చేరగానే తనంతట తాను థాయ్ టైముకి మారిపోతుంది. చివరి టెండర్ 4కి అని రాసి ఉంటే, ఫోనులో 3 చూపిస్తున్న క్షణానే ఆ బోటు వెళ్ళిపోతుంది. "ఇంకా గంట ఉంది" అనుకుని కొబ్బరి బొండాం తాగుతూ కూర్చున్నవాళ్ళు మిగిలిపోతారు. ఫోను సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి. అంతకన్నా మంచిది మామూలు చేతి గడియారం. షిప్ టైమేంటో గ్యాంగ్‌వే (షిప్ ఎక్కి దిగే దారి) దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. చివరి టెండర్ టైము షిప్ బయల్దేరే టైముకి చాలా ముందుంటుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక ఫీ ఫీ దీవులూ, జేమ్స్ బాండ్ దీవీ. స్పీడు బోట్లు బయల్దేరే జెట్టీలు పటాంగ్‌లో లేవు, కారులో వేరే వైపుకి వెళ్ళి అక్కడ బోటెక్కాలి. టెండర్‌కి రెండు గంటలు పోయాక ఆ రోజులో ఇది పట్టదు. షిప్ వాళ్ళే అమ్ముతుంటే వెళ్ళండి, బయట కొనవద్దు. మిగిలినవాళ్ళు ఫుకెట్ పాత ఊరు, వాట్ చలోంగ్ గుడి చూసి రావచ్చు. పటాంగ్ నుంచి ఎటు వెళ్ళాలన్నా కొండ దారే, మధ్యాహ్నం దాటితే అక్కడ వాహనాలు బారులు తీరతాయి. దూరంగా ఉన్నవి ముందు చూసి, పటాంగ్‌కి దగ్గరివి తర్వాత పెట్టుకోండి.

షిప్ టూర్ కొనేటప్పుడు పేరు కాదు, వివరణ చదవాలి. "పనోరమిక్" అంటే బస్సులోంచి చూడటమే, దిగేది ఒకటి రెండు చోట్లే. నలభైమంది బస్సులో ప్రతి మజిలీకీ పదిహేను నిమిషాలు ఎక్కడానికీ దిగడానికే పోతాయి. భోజనం కలిపి ఉంటే శాకాహారం సంగతి మొదటి రోజే కౌంటర్‌లో రాయించండి. బస్సెక్కాక గైడుకి చెబితే సలాడే దొరుకుతుంది.

కాగితాల విషయం. మీరు షిప్ దిగకపోయినా సరే, దారిలో రేవు ఉన్న దేశానికి అవసరమైన వీసా లేకపోతే సింగపూర్‌లోనే ఎక్కనివ్వరు. భారతీయులకి సింగపూర్ వీసా తప్పనిసరి. షిప్‌లో బయటికి వెళ్ళి తిరిగి వస్తున్నారు కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో ఈ-వీసా మీదే చూసుకోండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనకి వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తోంది, ఆ సడలింపు 2026 చివరిదాకా పొడిగించారు. థాయ్‌లాండ్ నియమాలు మారుతుంటాయి, డబ్బు కట్టే రోజున మళ్ళీ చూడండి. సింగపూర్ అరైవల్ కార్డు ఉచితం, రాకకి మూడు రోజుల లోపు నింపాలి. విమానంలో దిగేటప్పుడు ఒకటి, క్రూయిజ్ ముగిసి షిప్‌లో తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకటి. డబ్బు అడిగే సైటు ఏదైనా అసలుది కాదు. మలేషియా, థాయ్‌లాండ్ డిజిటల్ కార్డులు మీరు నింపాలా షిప్ వాళ్ళు చూసుకుంటారా అన్నది కంపెనీ పంపే చివరి మెయిల్లో ఉంటుంది.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచితే దూరం వెళ్ళే రోజు వెంట తీసుకెళ్ళండి. షిప్ వాళ్ళు తీసుకుంటే ఫొటోకాపీ జేబులో పెట్టుకోండి. ప్రతి రాత్రీ గదికి వచ్చే దినచర్య కాగితంలో రేపటి రేవు ఏజెంటు ఫోను నంబరుంటుంది. షిప్ తప్పిపోతే మొదట చేయాల్సిన ఫోను ఆ ఏజెంటుకే, కాబట్టి దాన్నీ ఫొటో తీయండి. షిప్ కదిలాక ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచకపోతే షిప్ మీది సముద్ర నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది.

సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్ళు రెండు. పెద్ద షిప్‌లు ఎక్కువగా మెరీనా బే క్రూయిజ్ సెంటర్ నుంచి వెళ్తాయి, రెండోది హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్ క్రూయిజ్ సెంటర్. టాక్సీ డ్రైవరుకి "క్రూయిజ్ సెంటర్" అంటే ఏదో ఒకటి అనుకుంటాడు, పూర్తి పేరు చూపించండి. చాంగీ విమానాశ్రయం నుంచి మెరీనా బేకి సుమారు 20 కిలోమీటర్లు, అరగంట. మామూలు టాక్సీలో నలుగురు పడతారు గానీ నాలుగు పెద్ద సూట్‌కేసులు పట్టవు. పెద్ద బండి బుక్ చేయండి. 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలుంటే గ్రాబ్ లాంటి ప్రైవేటు కార్లలో చైల్డ్ సీటు తప్పనిసరి, మీటరు టాక్సీకి ఆ నియమం లేదు. క్రూయిజ్ రోజు తెల్లవారుజామున దిగే విమానం మీద ఆధారపడకండి, ముందు రోజే చేరండి. విమానం ఆలస్యమైతే షిప్ ఆగదు, అక్కడ మీరు కట్టినదంతా పోతుంది.

తిరిగి వచ్చేరోజు షిప్ ఉదయం 6, 7 మధ్య రేవుకి చేరుతుంది. పెద్ద పెట్టెలు ముందు రాత్రే ట్యాగు కట్టి గది బయట పెట్టాలి, మరునాడు వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టు వాటిలో పడకుండా చూసుకోండి. సామాను సొంతంగా మోసుకు దిగితే ముందే వదులుతారు. ట్యాగు రంగు పిలిచేదాకా ఆగితే 9, 10 అవుతుంది. టాక్సీ క్యూ ఆ వేళ చాలా పొడుగు. సామాను తక్కువైతే కొద్ది నిమిషాల నడకలో మెరీనా సౌత్ పియర్ ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్ ఉంది. సిటీ హాల్‌లో ఒకసారి, తానా మేరాలో ఒకసారి మారితే గంటలో చాంగీ చేరతారు, గేటు దగ్గర టాప్ చేయడానికి కాంటాక్ట్‌లెస్ కార్డు చాలు. విమానం మధ్యాహ్నం ఒంటిగంటకి ముందుది వద్దు. సాయంత్రం, రాత్రి విమానమైతే సామాను చాంగీలో లగేజీ కౌంటర్‌లో అప్పగించి, ఊరు చూసి రావచ్చు. అయితే అప్పగించే ముందే చలికోటు, చార్జర్లు, పిల్లల పాలపొడి చేతిసంచిలోకి తీసుకోండి.