ఉప్పునీళ్ళ పూల్లో నీళ్ళ జోరు తగ్గితే వెంటనే సెల్ కొనేయకండి

మా ఇంటి వెనక ఉన్నది ఉప్పునీళ్ళ పూల్. టెక్సస్ ఫ్రిస్కోలో ఈ ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటే వచ్చింది, అప్పట్నుంచి దాని బాగోగులన్నీ నేనే చూసుకుంటున్నా, మా ఆయనకి ఈత తప్ప మిగతాది పట్టదు. ఉప్పునీళ్ళు అనగానే మనవాళ్ళు సముద్రంలా ఉంటుందా అని అడుగుతారు, అలా ఏం కాదు, సముద్రంలో ఉప్పు దాదాపు 35,000 పీపీఎమ్ (అంటే పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) ఉంటుంది, మా పూల్లో 3,200 ఉంచుతాను అంతే, నోట్లోకి పోతే కాస్త ఉప్పన తెలుస్తుంది. ఆ నీళ్ళు సెల్ అనే గొట్టంలోంచి పోతున్నప్పుడు లోపల టైటానియం పలకల మధ్య కరెంటు పారి ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుడుతుంది, డబ్బాలకి డబ్బాలు క్లోరిన్ మోసుకొచ్చి పొయ్యక్కర్లేదు. కాకపోతే సెల్‌లోంచి నీళ్ళు జోరుగా పోతూ ఉంటేనే ఇదంతా జరిగేది.

ఈ ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే చూస్తే కంట్రోల్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది, ఫ్లో లేదని. పూల్ గోడలోంచి నీళ్ళు తిరిగొచ్చే రిటర్న్ దగ్గర చెయ్యి పెట్టి చూశా. మామూలుగా అడుగు దూరంలో పెట్టినా చెయ్యి వెనక్కి నెడుతుంది, ఆరోజు ట్యాంకు అడుగంటినప్పటి కుళాయిలా ఏదో వస్తోందంటే వస్తోంది. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు, అయిదు నిమిషాలు చూశాడు, సెల్ అయిపోయింది మార్చాలి 900 డాలర్లవుతుంది అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు మనసొప్పలేదు. సెల్ పోతే క్లోరిన్ రాదు సరే, నీళ్ళ జోరు ఎందుకు తగ్గుతుంది? పలకల మధ్య సున్నం పేరుకుని దారి మూసుకుపోతే తగ్గొచ్చు, అది ఒప్పుకుంటా. అందుకని పవర్ ఆపేసి, రెండు వైపులా పైపులకి బిగించే మరచుట్లు (యూనియన్లంటారు) చేత్తో తిప్పి సెల్ బయటికి తీసి కంటికి ఆనించుకుని ఆకాశం వైపు చూశా, పలకలన్నీ శుభ్రంగా ఉన్నాయి, సందుల్లోంచి వెలుతురు చక్కగా వస్తోంది.

ఆ ఎర్ర లైటు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. క్లోరిన్‌తో పాటు సెల్‌లో హైడ్రోజన్ గ్యాస్ కూడా పుడుతుంది, నీళ్ళు పారుతుంటే అది కొట్టుకుపోతుంది, నీళ్ళు ఆగితే పైపులో చేరి ప్రమాదం అవుతుంది, అందుకే ఫ్లో స్విచ్ అనే చిన్న కాపలాదారుణ్ణి పెట్టారు, నీళ్ళు చాలవనిపిస్తే అది సెల్‌ని ఆపేస్తుంది. దయచేసి ఆ స్విచ్‌ని బైపాస్ చేసి నడపకండి. లైటు ఎర్రగా ఉందంటే సెల్ చెడిందని కాదు, సెల్ దాకా నీళ్ళు రావట్లేదని.

మరి నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో ఎలా తెలుస్తుంది అంటే ఫిల్టర్ నెత్తిన ఉండే ప్రెషర్ మీటరు చూడాలి, పైసా ఖర్చులేని పని, అయినా ఎవరూ చూడరు. మాకు ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు పంపు 2,600 ఆర్‌పీఎమ్ మీద 14 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. మీటరు అంతకంటే 8, 10 పెరిగి నీళ్ళు తగ్గాయంటే అడ్డం పంపు తర్వాత ఉన్నట్టు, ఎక్కువసార్లు ఫిల్టరే. మీటరు పడిపోయి నీళ్ళు తగ్గాయంటే జబ్బు పంపులోనో పంపుకి ముందో ఉన్నట్టు. ఆరోజు 6 చూపించింది! సెల్, ఫిల్టర్ రెండూ పంపు తర్వాతే వస్తాయి, అంటే వాటి వైపు చూడనే అక్కర్లేదు.

పూల్ గోడలో పైనీళ్ళని, తేలే ఆకుల్ని లాక్కునే నోరు స్కిమ్మర్, దాని బుట్ట తీశా, ఖాళీ. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా, ఉండాల్సినంతే ఉంది. ఇక పంపు దగ్గరికెళ్తే అప్పటికే మా మావయ్యగారు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన తెనాలి దగ్గర వ్యవసాయం చేసినవారు, ఆయిల్ ఇంజన్లతో కాలవ నీళ్ళు తోడి పొలం తడిపిన మనిషి, ఆర్నెల్లు ఉందామని వచ్చారు.

"అమ్మాయ్, ఇది నీళ్ళు లాగట్లేదమ్మా, గాలి లాగుతోంది" అన్నారు.

"ఎలా తెలిసింది మావయ్యా?"

"చప్పుడు వినరాదూ, కంకర గిలకరించినట్టు లేదూ? మాకయితే సక్షన్ జాయింట్ల దగ్గర ఇలా గాలి పట్టేది, బంకమట్టి తెచ్చి మెత్తేవాళ్ళం."

పంపు మూత పారదర్శకంగా ఉంటుంది, వంగి చూస్తే నిజంగానే కింద నీళ్ళు సగమే ఉన్నాయి, పైన బుడగలు తెరలు తెరలుగా. ఇక్కడ బంకమట్టికి బదులు షేవింగ్ ఫోమ్ వాడతారు, పంపు ముందున్న జాయింట్లన్నిటికీ పూస్తే లీకున్న చోట నురగ లోపలికి గుంజుకుపోతుంది. మా ఆయన డబ్బా సగం ఖాళీ చేశాను, ఎక్కడా గుంజుకోలేదు. అప్పుడు తోట పైపు తెచ్చి పంపు మూత అంచు చుట్టూ నీళ్ళు పోస్తూ ఉంటే బుడగలు టక్కున తగ్గాయి, దొరికింది! మూత కింద ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు ఎండకి గట్టిపడి పలకలా అయిపోయింది. కొత్తది వేసి సిలికాన్ గ్రీజు రాశాను, వాసెలిన్ మాత్రం రాయకండి, కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. మోటరు వేస్తే బుడగలు పోయాయి, మూత కింద నిండుగా నీళ్ళు.

కానీ మీటరు 9 దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడే చాలామంది వదిలేస్తారు, నేనూ ఆ సాయంత్రం వదిలేద్దామనుకున్నా. రాత్రి పడుకుని ఆలోచిస్తే ఒకటి తట్టింది, పంపు దాకా నీళ్ళు నిండుగా వస్తున్నాయి, గాలి లేదు, మోటరు తిరుగుతోంది, అయినా తొయ్యట్లేదు, అలాంటప్పుడు మిగిలింది ఒక్కటే, నీళ్ళని విసిరే ఆ చక్రం, ఇంపెల్లర్. మర్నాడు పొద్దున్న బ్రేకర్ దగ్గరే కరెంటు తీసేసి (స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, టైమర్ ఉంటే దానంతటది ఆన్ అవుతుంది, వేళ్ళు పోతాయి), పంపు మూత కింది బుట్ట తీసి, దాని వెనకున్న రంధ్రంలోకి చెయ్యి పెట్టా. వేళ్ళకి ఏదో మెత్తగా పీచులా తగిలింది. చివర వంచిన తీగతో లాగితే తాడులా మెలికలు తిరిగిన చెత్త, జానెడు పొడుగు, వస్తూనే ఉంది. మా పెరట్లో లైవ్ ఓక్ చెట్టుంది, టెక్సస్‌లో ఇది మార్చి, ఏప్రిల్ నెలల్లో పాత ఆకులు రాల్చి నూలు పోగుల్లాంటి పూత రాలుస్తుంది, పూల్ మీద గోధుమరంగు దుప్పటి పరిచినట్టు ఉంటుంది. ఆ పూతే, తడిసి పేనుకుపోయి, మధ్యలో ఒక ఓక్ కాయ టోపీ ఇరుక్కుని ఇంపెల్లర్ రెక్కల్ని పూర్తిగా పట్టేసింది. మళ్ళీ మూత పెట్టి మోటరు వేశాక మీటరు లేచి 14 మీద నిలబడింది, రిటర్న్ దగ్గర నీళ్ళు పొంగాయి, పావుగంటలో లైటు పచ్చగా మారింది. మావయ్యగారు లేచి స్వయంగా వెళ్ళి రిటర్న్ దగ్గర చెయ్యి పెట్టి చూసి "ఇదీ ధార" అన్నారు.

అంత చెత్త బుట్ట దాటి లోపలికి ఎలా వెళ్ళింది అని బుట్ట తిరగేసి చూస్తే అడుగున చిటికెన వేలు పట్టేంత చీలిక. ఇరవై డాలర్ల బుట్ట. అది మార్చకపోతే నెలలోపు మళ్ళీ ఇదే కథ అయ్యేది.

పోయినేడాది జూలైలో నాకు ఉల్టా జరిగింది, మీటరు 24కి వెళ్ళింది, అది ఫిల్టర్ లోపల మడతలుగా ఉండే కార్ట్రిడ్జిలు మురికెక్కడం వల్ల, తీసి పైపుతో మడత మడతా కడిగితే సరిపోయింది. ఆ ఫిల్టర్ మూత విప్పేవాళ్ళు మాత్రం మోటరు ఆపి, పైనున్న గాలి వాల్వు తెరిచి మీటరు సున్నాకి వచ్చాకే మూతని బిగించే క్లాంపు ముట్టుకోండి, లోపల ప్రెషర్ ఉండగా విప్పితే మూత ఎగిరి మనుషులకి ఘోరమైన దెబ్బలు తగిలిన సంగతులున్నాయి. ఇంకోటి, కరెంటు బిల్లు కలిసొస్తుందని వేరియబుల్ స్పీడ్ పంపుని 1,200, 1,300కి తగ్గించి నడిపేవాళ్ళకి ఏ లోపం లేకపోయినా ఫ్లో లైటు ఎర్రగా రావొచ్చు, కాస్త స్పీడు పెంచి చూడండి. స్పీడు మారితే మీటరు రీడింగూ మారుతుంది కాబట్టి ఎప్పుడు పోల్చినా ఒకే స్పీడు మీద పోల్చాలి.

సెల్‌కి నిజంగా సున్నం పడితే నాలుగు పాళ్ళ నీళ్ళలో ఒక పాలు మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) పోసి కడగొచ్చు, ఎప్పుడూ నీళ్ళలోకే యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్ళు పొయ్యకూడదు. అవసరం లేకుండా మాటిమాటికీ కడిగితే పలకల మీది పూత అరిగిపోయి సెల్ ఆయుష్షు తగ్గుతుంది, అందుకే లైటు ఎర్రబడగానే యాసిడ్ సీసా అందుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

ఆ 900 డాలర్లు మిగిలాయి, పాత సెల్లే ఇంకా నడుస్తోంది. ఫిల్టర్ డబ్బా మీద నల్ల మార్కరుతో 2,600 దగ్గర 14 అని పెద్దగా రాసిపెట్టా, కొత్త బుట్ట వేసిన తారీకు కూడా దాని కిందే రాశా.