షుడ్ దగ్గరే ఉంది తిరకాసు

స్కూల్లో మస్ట్, మే, షుడ్ లాంటి మోడల్ వెర్బ్స్ అంటే ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకోవడమే. వాటి అసలు బరువు ఉద్యోగంలో చేరాక, 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 చదివాక తెలిసింది. ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఏ మాటకు ఎంత బలమో చెప్పే చిన్న పత్రమది. ‘మస్ట్’ అంటే చేసి తీరాల్సిందే. ‘మే’ అంటే మీ ఇష్టం. ‘షుడ్’తోనే పేచీ: సరైన కారణముంటే మానేయొచ్చు, కానీ మానేస్తే ఏమవుతుందో ముందే పూర్తిగా ఆలోచించుకోవాలి. మా గ్రామర్ పుస్తకం ఇంత సూటిగా ఎప్పుడైనా చెప్పిందా!

పెద్దక్షరాల్లో రాస్తేనే ఈ ప్రత్యేకార్థాలని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 తేల్చేసింది. ఆఫీసు మెయిళ్లకు ఆ సౌకర్యం లేదు. అందుకే ఎవరైనా షుడ్ అని రాస్తే, ‘తప్పనిసరా, సలహానా?’ అని అడిగేస్తున్నా. టీమ్‌లో కొందరికి చిరాకే, ఏం చేస్తాం.