శనివారం సాయంత్రాలు

మూడేళ్లుగా శనివారం సాయంత్రం పాపను తెచ్చుకోవడం, ఆదివారం రాత్రి వాళ్లమ్మ దగ్గర దింపడం. విడాకుల డిక్రీలో రాసుకున్నది అదే. ఈ జూన్‌లో పాప పదో తరగతికి వచ్చింది. ఇప్పుడు శనివారం ఏడింటి దాకా స్టడీ అవర్స్, ఆదివారం పొద్దున స్లిప్ టెస్ట్.

మొదట కోపమే వచ్చింది. నా రోజులు లాగేసుకుంటున్నారు అనిపించింది. పంతానికి పోయి రెండు వారాలు అలాగే తీసుకొచ్చాను. మియాపూర్ నుంచి ఎల్బీనగర్, మెట్రోలో దాదాపు గంట. రైల్లో సోషల్ పుస్తకం తెరిచి, నా భుజం మీదే నిద్రపోయింది. మర్నాడు, "నాన్నా, నీ దగ్గరికి రావాలనే ఉంది. కానీ టెస్ట్ పోతోంది" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

వాళ్లమ్మకు నేనే ఫోన్ చేశాను. హిందూ వివాహ చట్టం, 1955లోని 26వ సెక్షన్ ప్రకారం పిల్లల కస్టడీ, చదువు ఏర్పాట్లను డిక్రీ తర్వాత కూడా కోర్టు మార్చవచ్చని, వీలైనంతవరకు పిల్లల ఇష్టాన్నీ చూస్తుందని లాయర్ గారు చెప్పారు. ఇద్దరం సంతకాలు పెట్టి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేశాం. నోటిమాటగా వదిలేస్తే రేపు మళ్లీ గొడవే, దయచేసి ఎవరూ అలా వదిలేయకండి.

ఇకమీదట నెలకు రెండు ఆదివారాలు, టెస్ట్ అయ్యాక. దసరా సెలవుల్లో సగం. పబ్లిక్ పరీక్షల తర్వాత 20 రోజులు. బుధవారం రాత్రి వీడియో కాల్‌లో లెక్కలు నేనే చెప్పాలి.

నిన్న మొదటి బుధవారం. ముప్పావుగంట త్రికోణమితి చేశాం. శనివారం సాయంత్రం ఇల్లు మాత్రం ఇంకా బోసిగానే ఉంటోంది.