న్యూ ఆర్లీన్స్‌లో ఆ ముప్పావుగంట

హ్యూస్టన్ నుంచి కారులో 5 గంటలకు పైగా ప్రయాణం. రాత్రి బోర్బన్ స్ట్రీట్‌లో ఒక్కో బార్ నుంచి ఒక్కో పాట, చెవులు హోరెత్తిపోయాయి. పక్కకు సెయింట్ పీటర్ స్ట్రీట్‌లోకి తిరిగితే ప్రిజర్వేషన్ హాల్. 1961 నుంచి అక్కడ జాజ్ కచేరీలు జరుగుతున్నాయి. చిన్న గది, పాతబడిన గోడలు, చెక్క బల్లలు. మైకులుండవు, కచేరీ జరుగుతుంటే ఫోటోలు తియ్యనివ్వరు. అదే నాకు ఎంతో నచ్చింది!

ముందు వరసలో నేలమీద కూర్చున్నా. ట్రాంబోన్ బాకా జారుడు గొట్టం నా ముఖానికి మూరెడు దూరంలో ఆగేది. ట్రంపెట్ పెద్దాయన ఊదబోయే ముందు గుండెల నిండా పీల్చిన ఊపిరి కూడా వినబడింది. చిన్నప్పుడు మా ఊరి గుడి అరుగు మీద నాదస్వరం ఇంత దగ్గరగా విన్నాను. మళ్లీ ఇన్నేళ్లకు.

ఆ ముప్పావుగంట కచేరీ అయి బయటికొచ్చాక నేనూ మా ఆవిడా చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.